మరుగుదొడ్డిలో నీరు మందగించినచో



గతమాసమున వంటింటి తూములను గూర్చి వ్రాసిన పిమ్మట ఒక సోదరి నాకు జాబు వ్రాసిరి. "మా యింట మరుగుదొడ్డిలో పోసిన నీరు వెంటనే పోక, పైకి లేచి, కొంతసేపు నిలిచి మెల్లగా దిగుచున్నది. సెప్టిక్ ట్యాంకు నిండినదనియు, మనిషిని దింపి తోడింపవలెననియు మేస్త్రి చెప్పుచున్నాడు. ఇది నలుగురిలో అడుగదగిన మాట కాదు గనుక మీకు వ్రాయుచున్నాను" అని ఆ జాబు సారాంశము.

నలుగురిలో అడుగదగిన మాట కాదనుకొనుటతోనే మన కష్టము ఆరంభమగుచున్నది. పొయ్యి సరిగా మండకున్నచో పొరుగింటికి పోయి చెప్పుకొందుము. మరుగుదొడ్డి మొరాయించినచో మాత్రము తలుపు మూసి, మగవారు వచ్చువరకు ఊరకుందుము. ఆ మగవారును కారణమేమో చూడక, ఎవనినో ఒకనిని పిలుచుకొని వత్తురు. పోయిన శ్రావణమాసమున మా యింటనే ఇట్టిది జరిగినది. దానివలన నేను నేర్చినదానిని ఈ మాసము విన్నవించుకొనుచున్నాను.

ముందుగా మన కంటికి కనబడని ఆ ట్యాంకు ఏమి చేయునో తెలిసికొందము. ఫ్రాన్సు దేశమున జాన్ లూయి మూరా అను నాతడు 1860 ప్రాంతమున మురుగునకు మూతగల తొట్టి నొకదానిని కట్టించి, 1881లో దానికి పేటెంటు పొందెను. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరమున డొనాల్డ్ కామెరన్ అను నాతడు 1895లో అట్టిదానినే నిర్మించి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టెను. సెప్టిక్ అనగా క్రుళ్లించునది. అందులో పడినదానిలో బరువైనది అడుగునకు దిగి మడ్డిగా నిలుచును. తేలికైన జిడ్డు పైకి తేలి తెట్టు కట్టును. నడుమనున్న నీరు అవతలి గొట్టము ద్వారా ఇంకుడు గుంతకు పోవును. గాలి సోకని ఆ చీకటిలో బ్రతుకు సూక్ష్మజీవులు మడ్డిని కొంతవరకు జీర్ణము చేసికొనును. జీర్ణము కానిది ఏటేట పెరుగుచుండును.

ఇందు గుర్తుంచుకొనవలసిన మాట యొకటి కలదు. మంచి స్థితిలోనున్న సెప్టిక్ ట్యాంకు ఎల్లప్పుడు నీటితో నిండియే యుండును. లోనికి ఎంత నీరు వచ్చునో, బయటకు అంత నీరు పోవును. కనుక మూత తీసి, "నీళ్లు నిండుగా ఉన్నాయమ్మా, తోడించాల్సిందే" అని ఎవరేని చెప్పినచో ఆ మాట నిదర్శనము కాదు. నీటి మట్టము బయటకు పోవు గొట్టమునకు పైన నిలిచియున్నదా, మడ్డి ఎంత మందమున పేరుకొన్నది అనునవే ప్రధానములు.

ఇక మా యింటి సంగతి. వారము దినములనుండి నీరు మందముగా పోవుచుండెను. మా అత్తగారు, "అమ్మాయీ, ఇదివరకు తోడించిన మనిషినే పిలిపించండి, పండుగ దగ్గరపడుతోంది" అని తొందరపెట్టిరి. మావారు పాఠశాలకు పోవుచు దారిలో కబురు చెప్పిరి. మరునాడు ఉదయము ఒక పెద్దవాడు మోకు, బకెట్టు పట్టుకొని వచ్చెను. వెంట పదునెనిమిదేండ్ల కుమారుడు ఉండెను. "ఈ పిల్లవాడెందుకు?" అని నేనడిగితిని. "నేను లోపలికి దిగుతానమ్మగారూ. నాకేమన్నా అయితే వీడు దిగి పైకి తీస్తాడు" అని అతడు సామాన్యమైన మాటవలె చెప్పెను.

ఆ మాట విని నాకు కాళ్లు చల్లబడినవి. సోదరీమణులారా, సెప్టిక్ ట్యాంకులో ప్రాణములు పోవు తీరు సరిగా ఇదియే. లోపల క్రుళ్లుటవలన హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను, బొగ్గుపులుసు వాయువు పుట్టును. హైడ్రోజన్ సల్ఫైడు కొంచెముగా ఉన్నప్పుడు క్రుళ్లిన గ్రుడ్డువలె వాసన వేయును. హెచ్చుగా ఉన్నప్పుడు ముక్కునకు వాసన తెలియు శక్తినే చంపివేయును. వాసన లేదు గదా యని దిగినవాడు కొన్ని ఊపిరులలోనే సొమ్మసిల్లి పడిపోవును. అతనిని రక్షింపబోయి దిగిన అన్నయో, కొడుకో, ఇంటివాడో అక్కడనే పడిపోవును. ఒకనితో పోక ఇద్దరు ముగ్గురు పోవుటకు కారణమిదియే. ఎవరేని పడినచో తాము దిగక, 112కు గాని అగ్నిమాపకదళమువారికి 101కి గాని వెంటనే చెప్పవలెను.

నేనతనిని అరుగుమీద కూర్చుండబెట్టి, "ఈ దినపు కూలి నీకు పూర్తిగా ఇచ్చెదను. లోపలికి మాత్రము దిగవద్దు. ముందు కారణము చూతము" అంటిని. అత్తగారికి ఇది నచ్చలేదు. అతనికిని నమ్మకము కలుగలేదు. "ఎన్ని గుంటలు దిగానో అమ్మగారూ, ఏమీ కాలేదు" అనెను. ఏమియు కాకపోవుట నిన్నటి సంగతియే గాని నేటికి పూచీ కాదని చెప్పి, నేను వరుసగా పరీక్షలు మొదలుపెట్టితిని. ఈ పరీక్షలు ఎవరైనను చేసికొనదగినవే కనుక క్రమముగా వ్రాయుచున్నాను.

మొదటి పరీక్షకు ఒక బకెట్టు నీరు చాలును. ఎనిమిది పది లీటర్ల నీటిని కొంచెము ఎత్తునుండి ఒక్కపెట్టున బేసినులో పోయవలెను. ఆ నీరు గుభాలున పోయినచో గొట్టములకు దోషము లేదు. దోషము ఫ్లష్ ట్యాంకులో ఉన్నది. దాని మూత తీసి చూడుడు. నీటి మట్టము లోపలి పొంగుగొట్టపు అంచుకు ఒక అంగుళము క్రిందుగా ఉండవలెను. అంతకు తక్కువగా ఉన్నచో తేలుబంతిని సరిచేయవలెను. రెండు మీటలున్న ఫ్లష్ అయినచో, పిల్లలు చిన్న మీటనే నొక్కుచున్నారేమో చూడవలెను. ఉప్పునీటి బోర్లు గల ఊళ్లలో బేసిను అంచు క్రింది రంధ్రములు గారపట్టి మూసికొనిపోవును. అప్పుడు గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కరిగించి, పాతగుడ్డతో ఆ రంధ్రములకు పట్టించి, రాత్రియంతయు ఉంచి, ఉదయమున పాత బ్రష్షుతో తోమినచో వదలును. గుడ్డను తీసివేయుట మఱువరాదు.

మా యింట బకెట్టు నీరును పైకి లేచి నిలిచినది. కనుక దోషము బేసినునకు ఆవల ఉన్నదని తెలిసెను.

రెండవ పరీక్ష, ఇంటిలోని తక్కిన తూములను చూచుట. ఒక మరుగుదొడ్డిలో మాత్రమే నీరు మందగించి, రెండవదానిలో సరిగా పోవుచున్నచో అడ్డము ఆ మొదటిదాని వంపుగొట్టములోనే ఉన్నది. రబ్బరు ప్లంజరును బేసిను అడుగున నీటిలో మునుగునట్లు ఆనించి పది పదునైదు మారులు గట్టిగా నొక్కి లాగినచో చాలవరకు వదలును. అన్నిటను మందగించినచో, ఒకచోట నీరు పోసినప్పుడు మఱియొకచోట గుడగుడ ధ్వని వచ్చినచో, అడ్డము అన్నిటికి ఉమ్మడియైన గొట్టములోనో, గాలిగొట్టములోనో, ట్యాంకులోనో ఉన్నట్లు. మాకు ఉన్న రెండు మరుగుదొడ్లును మందగించియే యుండెను.

మూడవ పరీక్ష, గాలిగొట్టము. మేడమీదకు నిలువుగా పోవు ఆ గొట్టమును వాసన వచ్చునని కొందఱు మూసివేయింతురు. కొన్నిచోట్ల పిట్టలు గూడు కట్టును. కందిరీగలు మట్టి పెట్టును. గాలి ఆడనిదే నీరు సుళువుగా దిగదు. నిండిన సీసాను తలక్రిందులు చేసినప్పుడు గుడగుడమని ఆగి ఆగి కారుటను మీరు చూచియుందురు, ఇదియు అట్టిదే. ఆ గొట్టము కొనకు మూత కాక, సన్నని జాలి కట్టింపవలెను. మా మేడమీద జాలి చక్కగానే ఉండెను.

నాలుగవది చాంబరును చూచుట. ఇంటి గోడకును ట్యాంకునకును నడుమ నేలలో చదరపు మూతలు గల చిన్న గదులుండును. ఇవి ట్యాంకు కావు, లోతు తక్కువ. అయినను మూత తీసినప్పుడు పిల్లలను దూరముగా ఉంచి, గాలి వీచువైపు నిలిచి, కొంతసేపు తాళవలెను. అగ్గిపుల్ల, దీపము, చుట్ట దగ్గఱకు రానీయరాదు. మీథేను అంటుకొను వాయువు. పైనుండి చూచినచో ఇట్లు తెలియును: చాంబరు ఖాళీగా ఉన్నచో అడ్డము ఇంటికిని చాంబరునకును నడుమ ఉన్నది. చాంబరు నిండియున్నచో అడ్డము దానికి ఆవల ఉన్నది.

మా దొడ్డిలో చాంబరులు రెండు. మొదటిది అంచుదాక నిండియుండెను. రెండవది, ట్యాంకునకు దగ్గఱనున్నది, దాదాపు ఎండియుండెను. అనగా అడ్డము ఆ రెండింటి నడుమనున్న పదియడుగుల గొట్టములో ఉన్నది; ట్యాంకునకు ఏ దోషమును లేదు! అతడు దిగబోయిన ట్యాంకు ఆ కష్టమునకు కారణమే కాదు.

అతనికి చేతులకు మోచేతులవఱకు వచ్చు రబ్బరు తొడుగులు ఇచ్చితిమి. నేలమీద నిలిచియే, పొడవైన వెదురుబద్దను రెండవ చాంబరునుండి గొట్టములోనికి పొడిచి త్రిప్పగా పావుగంటలో అడ్డము కదలినది. నిలిచిన నీరంతయు హోరున పోయెను. వచ్చినదేమనగా, ఒకదానికొకటి అంటుకొనిన నాలుగైదు శానిటరీ ప్యాడ్లు.

అతడు తల త్రిప్పుకొనెను. అత్తగారు లోనికి పోయిరి. నాకు మాత్రము వెంటనే అర్థమైనది. మా ఆడపడుచు కుమార్తె పదుమూడేండ్ల పిల్ల, చదువుకొనుటకు మా యింట ఉన్నది. ఆమె మా యింటికి వచ్చి అప్పటికి మూడు మాసములు. ఆ సాయంకాలము ఆమెను వంటింటిలో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, కోపపడక అడిగితిని. కన్నీరు పెట్టుకొని, "చెత్తబుట్టలో వేస్తే తాతయ్య చూస్తారు కదా అత్తా. రోజూ బుట్ట బండికి ఇచ్చేది ఆయనే" అనెను.

తప్పు పిల్లది కాదు, నాది. ఆమెకు అన్నము ఏ గిన్నెలోనున్నదో చెప్పితిని. పుస్తకములు ఎచట పెట్టుకొనవలెనో చెప్పితిని. ఇది మాత్రము చెప్పలేదు. అడుగుటకు ఆమె సిగ్గుపడినది. చెప్పుటకు నేను సిగ్గుపడితిని. మా యిద్దఱి సిగ్గును బయటకు తీయుటకు ఒక మనుష్యుడు ప్రాణములకు తెగించి గోతిలో దిగబోయెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్యాడ్లలోని పొడి నీటిని పీల్చి జిగురువలె ఉబ్బును. అది కరుగదు, జీర్ణము కాదు. పసిపిల్లల డైపర్లు, తడిగుడ్డలుగా అమ్ము వైపులు, దూది, తలవెండ్రుకలు, వంటనూనె మడ్డి, బూడిద, ఇవన్నియు అట్టివే. మఱునాడే ఆడవారి స్నానాలగదిలో మూతబుట్ట యొకటి, పాత వార్తాపత్రికల కట్ట యొకటి పెట్టితిని. ప్యాడును కాగితమున గట్టిగా చుట్టి, గుఱుతు పెట్టి, తక్కిన చెత్తతో కలుపక వేఱుగా ఇచ్చు పని నేనే చేయుచున్నాను. ఎదుగుచున్న ఆడపిల్లలున్న ప్రతి యింటను ఈ ఏర్పాటు వారు అడుగకమునుపే జరుగవలెను.

ఇక చాంబరులు రెండును నిండియున్నచో ఏమి చేయవలెను? అప్పుడు దోషము ట్యాంకులో గాని ఇంకుడు గుంతలో గాని ఉన్నది. ట్యాంకును తోడించి మూడేండ్లు దాటినచో మడ్డి హెచ్చియుండును. లేదా లోనికి వచ్చు గొట్టపు మొగమున తెట్టు గడ్డకట్టియుండును. వానకాలమున మాత్రమే మందగించి, వేసవిలో సరిగా ఉన్నచో ఇంకుడు గుంతను శంకింపవలెను. కోనసీమ, కృష్ణా డెల్టావంటి తావులలో భూగర్భజలము మీదనే ఉండుటచేత వానలు పడినప్పుడు గుంతలో నీరు ఇంకదు. ట్యాంకు తోడించినప్పుడు గుంతనుండి నీరు వెనుకకు ట్యాంకులోనికి పాఱివచ్చినచో గుంత చెడినదనుటకు అదియే సాక్ష్యము. అట్టిచోట మాటిమాటికి తోడించుట వ్యర్థము, గుంతను బాగుచేయింపవలెను. క్రొత్తయింట మొదటినుండియే నీరు మందముగా పోవుచున్నచో గొట్టపు వాలు చాలలేదేమో చూపింపవలెను. నాలుగంగుళముల గొట్టమునకు నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు ఉండవలెను.

ట్యాంకు మూత మాత్రము మనము తీయరాదు. రెండు మూడేండ్ల కొకమారు గొట్టముతో పీల్చు ట్యాంకరును మునిసిపాలిటీ ద్వారా గాని, అనుమతిగల వారి ద్వారా గాని పిలిపింపవలెను. మనిషి నేలమీదనే నిలిచి గొట్టము దింపును. మడ్డిని ఎచట పోయుదురో కూడ అడుగవలెను. కాలువలోనో పొలములోనో పోసినచో అది మన పిల్లలు త్రాగు నీటికే చేరును. వరంగల్లు నగరపాలక సంస్థ 2014లోనే ఈ మడ్డి విషయమై నిబంధనలు చేసినది. తోడించిన తేదీని, రసీదును దాచుకొనుట మేలు; నేను మా యింట గాలిగొట్టము ప్రక్కగోడమీద రంగుతో సంవత్సరము వ్రాయించితిని.

కొన్ని కూడని పనులును చెప్పవలెను. నీరు నిలిచిన బేసినులో ఆసిడ్ పోయకుడు. అడ్డమునకు అది చేరదు. చేరినచో ట్యాంకులోని సూక్ష్మజీవులను చంపును. ఆసిడ్‌ను బ్లీచింగు పొడితో కలిపినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టి, తలుపు మూసిన చిన్నగదిలో ప్రాణాపాయము కలిగించును. ట్యాంకులో వేయుటకని అంగడిలో అమ్ము పొడులతో పనిలేదు. కావలసిన సూక్ష్మజీవులు మనము పంపుదానిలోనే ఉన్నవి.

చట్టమేమి చెప్పుచున్నదో కూడ ఇంటివారు తెలిసికొనవలెను. పాకీపని నిషేధమునకై 2013లో వచ్చిన చట్టము ప్రకారము, రక్షణసాధనములు లేక మనుష్యుని సెప్టిక్ ట్యాంకులోనికి దింపించుట నేరము. మొదటి తప్పునకే రెండేండ్లవఱకు కారాగారము, 2 లక్షల రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. "ఏదో మా యింటి పని" అనుట సమాధానము కాదు. బెజవాడ విల్సన్ గారు మొదలగువారి సఫాయి కర్మచారీ ఆందోళన్ సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పి, ఈ పనిలో మరణించినవారి కుటుంబమునకు 10 లక్షలు ఈయవలెనని ఆజ్ఞాపించెను. 2023 అక్టోబరులో ఆ మొత్తమును 30 లక్షలు చేసెను. అయినను తరతరములుగా ఈ పనిని కొన్ని కులములవారి నెత్తిన పెట్టి మనము మడి కట్టుకొంటిమి. ఆ అలవాటు చట్టముతోనే పోదు. ఇంటి ఇల్లాలు గుమ్మమువద్ద నిలిచి "దిగవద్దు" అన్నప్పుడు పోవును.

యోగశాస్త్రమున నియమములు ఐదింటిలో శౌచము మొదటిది. మనము దానిని ఎఱుగుదుము, ఆచరింతుము. అయితే నియమములకు ముందు యమములు చెప్పబడినవి. వానిలో మొదటిది అహింస. మా తండ్రిగారు నాకు చిన్ననాడు ఈ వరుసను వల్లె వేయించిరి గాని, దాని యర్థము మా దొడ్డిలో ఆ చాంబరు ప్రక్క నిలిచిననాడు గాని నాకు తెలియలేదు.

ఆ పెద్దవాడు ఆనాడు మా అరుగుమీద కాఫీ త్రాగి, పూర్తి కూలి పుచ్చుకొని, కుమారునితో ఇంటికి పోయెను. కాఫీ తెచ్చి ఇచ్చినది మా అత్తగారే.

జాబు వ్రాసిన సోదరీ, ముందు ఒక బకెట్టు నీరు పోసి చూడుడు; తరువాత చాంబరు మూతలు తీయించి చూడుడు. మేస్త్రికి మాత్రము ఈ దినమే చెప్పుడు, మనిషిని దింపవలదని. ఏమి కనబడినదో నాకు వ్రాయుడు. వచ్చుమాసమున వానకాలపు బావినీటిని శుద్ధిచేయు విధమును ముచ్చటించుకొందము.